బోళ్లు తోమడానికి బీరపీచు: మా ఇంట్లో ఎట్ల కుదిరిందంటే

పోయిన దసరాకు ముందు డాబా మీది ఎరువు కుండీ బోర్లిస్తే, నల్లగా మాగిన ఎరువులోంచి అరచేయంత పచ్చటి ముక్క ఒకటి జారిపడింది. కడిగి చూస్తే ఐదు నెలల కింద నేనే పడేసిన స్పాంజి. ‘మట్టిలో కలిసిపోతుంది’ అని అట్ట మీద రాసి ఉంటే ఆన్‌లైన్‌లో తెప్పించాను. మెత్తటి భాగం నిజంగానే కలిసిపోయింది. దాని మీద అంటించిన గరుకు పొర మాత్రం కొన్ననాటి రంగులోనే ఉంది. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పైసలు పెట్టి కొన్నవా కొడుకా దీన్ని? ఇంటికాడ దడి మీద బీరకాయలు ఎండిపోతుంటే!" అంది.

ఆ మాట గట్టిగానే తగిలింది. మాది నకిరేకల్ దగ్గర పల్లె. ఉండేది నల్లగొండలో, క్లాక్ టవర్ దగ్గర చిన్న జిరాక్స్ షాపు. మా ఆవిడకు ఆస్పత్రిలో డ్యూటీ, ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. కాబట్టి బోళ్లు తోమేది నేనే. ఇక్కడ రాసేదంతా సింకు ముందు నిలబడి నేర్చుకున్నదే.

ముందు మనం ఇన్నాళ్లూ వాడింది ఏమిటో చూద్దాం. పసుపు రంగు మెత్తటి స్పాంజి చాలావరకు పాలీయురేథేన్ ఫోమ్, అంటే పరుపుల్లో వాడే నురగ లాంటిదే. దాని మీది పచ్చ గరుకు భాగం నైలాన్ లేదా పాలిస్టర్ పోగులను బంకతో అతికించి చేసింది. తోమిన కొద్దీ అరిగి పలచబడుతుంది కదా, అరిగినదంతా సన్నటి ప్లాస్టిక్ నలుసులై మోరీలోకి పోతుంది. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు, కప్పుల మీద దేశమంతా నిషేధం వచ్చింది గానీ, ఆ జాబితాలో ఈ స్పాంజి లేదు. మన సింకు సంగతి మనమే చూసుకోవాలి.

అలాగని ఇంట్లో ఉన్న పాత స్పాంజీలను ఇవాళే చెత్తలో వేయకండి. కొన్న వాటిని అరిగిందాకా వాడండి. వంటింట్లో పనికిరానివి బండి కడగడానికి, బాత్రూం తోమడానికి పనికొస్తాయి. నా దగ్గర మిగిలిన నాలుగూ అట్లనే అయిపోయాయి.

కొత్తది కొనేవాళ్లకు ఒక అగ్గిపుల్ల పరీక్ష చెప్తాను. ప్రతి పొర నుంచీ ఒక్కో పోగు తుంచి, పట్టకారుతో పట్టుకొని, సింకు మీద అంటించండి. చెట్టు నుంచి వచ్చిన పోగైతే కాగితంలా కాలి బూడిద అవుతుంది. ప్లాస్టిక్ అయితే ముడుచుకుపోయి, కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. వాసన కూడా చెప్పేస్తుంది. కుట్టిన దారాన్ని, వేలాడదీసే తాడును కూడా పరీక్షించండి. నేను మోసపోయింది పై పొర దగ్గర. అట్ట మీద ‘సెల్యులోజ్’ అని ఉన్న మాట అబద్ధం కాదు, కాకపోతే అది కింది సగానికే. కలప గుజ్జుతో చేసే సెల్యులోజ్ స్పాంజి మంచిదే. ఎండితే అట్టముక్కలా బిగుసుకుపోతుంది, నీళ్లు తగలగానే ఉబ్బుతుంది. గాజు గ్లాసులకు, స్టవ్ తుడవడానికి బాగుంటుంది. మాడిన గంజు ముందు మాత్రం అది ఎందుకూ పనికిరాదు.

అసలు ఇబ్బందంతా ఒక్క స్పాంజితోనే అన్ని పనులూ కావాలనుకోవడంలో ఉంది. ప్లాస్టిక్‌ది ఆ అలవాటు చేసింది. ఇప్పుడు మా సింకు దగ్గర మూడు ఉంటాయి. రోజువారీ తలెలకు, గ్లాసులకు, గిన్నెలకు బీరపీచు. మాడిన వాటికి కొబ్బరి పీచు. తుడవడానికి పాత నూలు పంచె ముక్కలు.

బీరపీచు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. నేతిబీరలో నెయ్యి ఉండదని అందరూ ఎగతాళి చేస్తారు గానీ, పీచు విషయంలో దానికి సాటి లేదు. పీచు ఒత్తుగా, కాయ పొడవునా సమంగా అల్లుకొని ఉంటుంది. గట్లు ఉండే మామూలు బీర పీచు కొంచెం సన్నగా, బరకగా ఉంటుంది. అది కూడా పనికొస్తుంది. మా అమ్మ వాడేది అదే. మృగశిర కార్తెలో తొలకరి పడ్డాక దడి పక్కన నాలుగు గింజలు పెడుతుంది. కూరకు లేతవి కోస్తూ, తీగ మొదట్లో కాసిన మూడు నాలుగు మంచి కాయలను గుర్తు పెట్టుకొని వదిలేస్తుంది. కోత మరిచిపోయి ముదిరినవి కూడా అందులోనే జమ. ఒక్కోసారి తీగకు చేదు కాయలు కాస్తాయి. చేదు తగిలితే ఆ కూర తినవద్దు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆ తీగ కాయలన్నీ పీచుకు వదిలేయండి. పీచుకు చేదుతో పని లేదు.

కాయ ఎప్పుడు కోయాలి అనేదే ఇందులో కిటుకు. పచ్చదనం పోయి, పసుపు దాటి, గోధుమ రంగుకు రావాలి. చేతిలోకి తీసుకుంటే ఉత్త డొప్పలా తేలికగా ఉండాలి. చెవి దగ్గర ఊపితే లోపల గింజలు గలగలమనాలి. తొందరపడి సగం పచ్చిగా కోశానా, తొక్క ఊడి రాదు, లోపల జిగురు మిగిలి పీచు నల్లబడుతుంది. నా మొదటి రెండు కాయలు అలాగే పోయాయి. మరీ ఆలస్యమై వానలో నానినా మచ్చలు పడతాయి. జూన్‌లో పెట్టిన తీగకు మాకు కార్తీకం నాటికి ఎండిన కాయలు చేతికొస్తున్నాయి.

కోశాక రెండు కొసలూ కత్తిరించి గింజలు దులపండి. కాయను ఒక పదిహేను నిమిషాలు బకెట్‌లో ముంచి, బొటనవేలితో ఒక పక్క నొక్కితే తొక్క పగులుతుంది. అక్కడ నుంచి అరటిపండు తొక్కలా ఒలవడమే. లోపల మిగిలిన జిగురును నీళ్లలో పిసికి పిసికి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. రెండు రోజులు మంచి ఎండలో ఆరేస్తే తెల్లటి గోధుమ రంగు పీచు తయారు. బ్లీచింగ్ పొడి జోలికి పోవద్దు. కొందరు తెల్లగా కనపడాలని వేస్తారు, నాకైతే ఆ తెలుపు ఎందుకో అర్థం కాదు.

ఈ పీచును గుండ్రంగా అలాగే వాడితే చేతికి పట్టు దొరకదు. నేను నిలువునా ఒక పక్క కోసి, మధ్యలో దూలంలా ఉండే భాగాన్ని కత్తెరతో తీసేసి, తడిపి, రోకలి కింద రాత్రంతా పెడతాను. తెల్లారేసరికి చపాతీలా పరుచుకుంటుంది. దాన్ని అరచేయంత ముక్కలు చేసి, రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి అంచులు కుడతాను. ఇక్కడొక మాట. టైలర్ దగ్గర దొరికే రీలు దారం చాలావరకు పాలిస్టరే. ఇంత చేసి చివరికి ఆ దారంతో కుడితే మళ్లీ కుండీలో దారపు ఉండలు ఏరుకోవాలి. పూలు అల్లే నూలు దారం తీసుకోండి. మూలకు ఒక ఉచ్చు కూడా కుట్టండి, దాని అవసరం తర్వాత చెప్తాను.

మొదటిసారి ముట్టుకుంటే గట్టిగా, గీరుకుపోయేలా ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచండి, మెత్తబడుతుంది. మా ఆవిడ మొదటి రోజు పొడిగానే నాన్‌స్టిక్ పెంకు మీద రుద్దబోయి నా దగ్గర నాలుగు మాటలు పడింది, తిరిగి నాకు నలభై వేసింది. నానిన బీరపీచుతో నాన్‌స్టిక్‌ను మెల్లగా తోమవచ్చు. కొబ్బరి పీచును మాత్రం దాని దగ్గరికి రానివ్వద్దు.

కొబ్బరి పీచు కొనే పనే లేదు. కొబ్బరికాయలు ఒలిచి అమ్మే దుకాణం వాళ్లను అడిగితే సంచెడు ఉట్టిగనే ఇస్తారు. రాత్రి నానబెట్టి, పొద్దున రాయి మీద కొట్టి, పొట్టు రాలిపోయేదాకా దులిపి, నిమ్మకాయంత కాదు, బత్తాయంత ఉండ చేసి, దాని పోగుతోనే చుట్టి ముడేయండి. దీని సత్తా తెలియాలంటే సర్వపిండి చేసిన గంజు దగ్గరికి రావాలి. అడుగున ఎర్రగా కరుచుకున్న చెక్కు ఉంటుంది చూడండి, గంజులో వేడినీళ్లు పోసి పావుగంట ఆగి, కొబ్బరి పీచుకు కొంచెం ఉప్పు అద్ది రుద్దితే పొరలు పొరలుగా లేస్తుంది. ఆగకుండా రుద్దితే చేయి నొప్పి తప్ప ఏమీ రాదు. పీచు నలుసులు రాలుతాయి కాబట్టి సింకు కన్నానికి జాలి పెట్టుకోండి. నేను పెట్టలేదు, ప్లంబర్‌కు రెండు వందలు ఇచ్చాను.

నూనె గిన్నెలకు ఏ పీచూ నేరుగా పెట్టవద్దు. నూనె పీల్చుకుంటే బీరపీచు వారంలో కంపు కొడుతుంది. ముందు బత్తాయి తొక్క లోపలి వైపుతో గిన్నెను తుడిచేయండి. మన జిల్లాలో బత్తాయికి కరువు లేదు, సీజన్‌లో జ్యూస్ బండి దగ్గర తొక్కలు కుప్పలే. ఆ తర్వాత వేడినీళ్లు, సబ్బు.

బోరు నీళ్ల ఇళ్లలో గిన్నెల మీద తెల్లటి మరకలు కడతాయి. నల్లగొండ నీళ్లనగానే అందరూ ఫ్లోరైడే అంటారు గానీ, ఈ మరకకు కారణం కాల్షియం, మెగ్నీషియం లవణాలు. దాన్ని ఎంత గరుకు పీచుతో రుద్దినా పోదు, గిన్నె గీతలు పడుతుంది. చింతపండు పిప్పి రాసి పది నిమిషాలు ఉంచితే పులుపుకు కరిగిపోతుంది. అవే లవణాలు పీచులో కూడా పేరుకొని అది కర్రలా బిగుస్తుంది. నెలకోసారి నిమ్మరసం కలిపిన నీళ్లలో పీచును నానబెడితే మళ్లీ దారికొస్తుంది.

ఇప్పుడు ఉచ్చు సంగతి. మొక్క నుంచి వచ్చిన పీచు తడిగా ఉంటే కుళ్లుతుంది, అది దాని గుణం. సబ్బు పెట్టెలో పడేస్తే పది రోజులు కూడా ఉండదు. పని కాగానే కడిగి, పిండి, గాలి తగిలే చోట వేలాడదీయండి. మా కిటికీ చువ్వకు రెండు కొక్కేలు ఉన్నాయి, రెండు పీచులు. ఒకరోజు ఒకటి, మరునాడు ఇంకోటి. వానకాలంలో ఒక్కరోజులో ఆరవు, అందుకని మూడోది కూడా తీస్తాను. వారానికోసారి పాత గిన్నెలో ఐదు నిమిషాలు మరిగిస్తాను. మరిగించాం కదా అని నెలల తరబడి వాడటం కూడా కుదరదు. 2017లో జర్మనీ పరిశోధకులు ఇళ్లలో వాడిన 14 స్పాంజీలను పరీక్షిస్తే 362 రకాల బ్యాక్టీరియా కనపడింది. క్రమం తప్పకుండా శుభ్రం చేస్తున్నామన్న వాళ్ల స్పాంజీల్లోనూ తక్కువేమీ లేదు. బీరపీచుకు ఇందులో మినహాయింపేమీ ఉండదు. నేను నెలకోసారి మారుస్తాను. ఆదివారం మాంసం కడిగిన గిన్నెలకు అరిగిపోయిన ముక్కను వాడి, అదే రోజు కుండీలో వేస్తాను.

కుండీలో వేసే ముందు సబ్బు పోయేలా కడిగి, అంగుళం ముక్కలు చేయండి. కూరగాయల తొక్కల మధ్య, ఎండుటాకుల కింద, తడి ఆరకుండా ఉంటే బీరపీచు కొన్ని నెలల్లో ఆనవాలు లేకుండా పోతుంది. కొబ్బరి పీచు అంత తొందరగా కదలదు. దాన్ని పూలకుండీల అడుగున పరిచేస్తాను, నీళ్లు పట్టి ఉంచుతుంది. కుండీ పెట్టుకునే జాగా లేనివాళ్లు తడి చెత్త బుట్టలో వేయవచ్చు.

రాలిన గింజలు మాత్రం పారేయకండి. నల్లగా, నిండుగా ఉన్నవి ఏరి, నీడన ఆరబెట్టి, కాగితంలో కట్టి దాచండి. హైబ్రిడ్ గింజలతో వేసిన తీగైతే మళ్లీ అదే కాయ రాదు, అందుకే నాటు గింజలు సంపాదించుకోవాలి. అమ్మ మొన్న కొంగుముడి విప్పి నా చేతిలో ఇరవై దాకా పోసింది. షాపు వెనక రేకుల షెడ్డు పక్కన ఎనిమిది పెట్టాను, ఆరు మొలిచాయి. ఒక దాన్ని పక్కింటి వాళ్ల మేక తిన్నది.