లైబ్రరీ పీరియడ్‌లో వికీపీడియా తెరిచే ముందు నోట్‌బుక్ తెరవండి

ఒకసారి ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే ఏడాది మధ్యలో జరిగే మూల్యాంకనం) ప్రాజెక్టులు దిద్దుతుంటే మనసుకు చాలా కష్టమనిపించింది. తొమ్మిదో తరగతిలో పద్నాలుగు మంది నాగార్జునసాగర్ మీద రాసుకొచ్చారు, పద్నాలుగింటిలోనూ మొదటి పేరా ఒక్కటే, అందులో ఉన్న అక్షర దోషం కూడా ఒక్కటే. పిల్లల తప్పేం లేదు. "వికీపీడియాలో చూసి రాసుకురండి" అని చెప్పి వదిలేశాం తప్ప, ఎలా చూడాలో మేమెవరం నేర్పలేదు. నల్లగొండ జిల్లాలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్తూ లైబ్రరీ కూడా నేనే చూసుకుంటాను. ఆ తర్వాత మేం అలవాటు చేసుకున్న పద్ధతిని పిల్లలే నేరుగా చదువుకునేలా రాస్తున్నా, టీచర్లకు పనికొస్తే ఇంకా సంతోషం.

ముందు ప్రశ్న రాయండి, కంప్యూటర్ దగ్గరికి తర్వాత వెళ్లండి. "ఫ్లోరైడ్" అంటే అది టాపిక్, ప్రశ్న కాదు. మర్రిగూడ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి తన నోట్‌బుక్‌లో ఇలా రాసుకుంది: "మా తాత కాళ్లు వంకర పోయినయి, మా తమ్మునికి ఎందుకు పోలేదు?" దీన్ని ప్రశ్న అంటారు. ఇలాంటిది చేతిలో ఉంటే పేజీలో ఏది మనకు కావాలో, ఏది వదిలేయాలో మనకే తెలిసిపోతుంది. ప్రశ్న లేకుండా కూర్చుంటే మొదటి పేరా ఎక్కించుకోవడం తప్ప ఇంకో దారి కనిపించదు.

ఆ అమ్మాయి సంగతే ఇంకొంచెం చెప్తా, ఎందుకంటే మొత్తం పద్ధతి అందులోనే ఉంది. మొదట "ఫ్లోరైడ్" అని కొట్టింది, అంతా కెమిస్ట్రీ వచ్చింది, టెన్షన్ పడి మూసేయబోయింది. "జబ్బు పేరుతో వెతుకు" అన్నాను. "ఫ్లోరోసిస్" (ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే వచ్చే జబ్బు) అని కొట్టేసరికి పళ్ల మీద మచ్చలు, ఎముకలు గట్టిపడి వంగిపోవడం, అన్నీ తను ఇంట్లో చూసినవే కనిపించాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ఒకచోట, 1 మిల్లీగ్రాము అని ఇంకోచోట దొరికాయి. "రెండిట్ల ఏది కరెక్టు సార్?" అని అడిగింది. రెండూ కరెక్టే. మన దేశపు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో 1 దాకా ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అంకె కనిపించగానే అది ఎవరి లెక్క, దేని లెక్క అని పక్కన రాసుకోవాలని ఆ రోజు తను నేర్చుకుంది.

అక్కడి నుంచి తనకు "నల్గొండ టెక్నిక్" అనే పేజీ దొరికింది. ఫ్లోరైడ్ తగ్గించడానికి నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, మడ్డి అడుగుకు దిగాక వడపోసే పద్ధతి అది. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసి మన ఊరి పేరు పెట్టారు, టాంజానియా, ఇథియోపియాల దాకా వెళ్లింది. క్లాసులో సగం మందికి ఈ సంగతి తెలియదు.

తెలుగులో వెతికేటప్పుడు ఒక చిక్కు ఉంది. నల్గొండ అనీ రాస్తారు, నల్లగొండ అనీ రాస్తారు. మహబూబ్‌నగర్‌ను విడదీసి, కలిపి, పాలమూరు అని, రకరకాలుగా రాస్తారు. ఒక స్పెల్లింగ్‌తో రాకపోతే "లేదు సార్" అని లేవకండి, ఇంకో రెండు రకాలుగా కొట్టి చూడండి, టైపింగ్ రాకపోతే ఫోన్‌లో మైక్ నొక్కి చెప్పండి. ఒకే పేరుతో చాలా ఊళ్లుంటే "అయోమయ నివృత్తి" అనే పేజీ వస్తుంది, అందులోంచి మీ మండలం చూసి ఎంచుకోవాలి. గూగుల్ పైన చూపించే నాలుగు వాక్యాలతో ఆగిపోవద్దు, పేజీలోకే వెళ్లండి.

2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. అన్నీ ఒకేలా ఉండవు. నాలుగు వాక్యాలతో ఆగిపోయినవాటిని వాళ్లే "మొలక" అంటారు. కొన్ని ఇంగ్లీషు నుంచి తెచ్చినవి, చదువుతుంటే నాలుక తిరగదు. అలాంటప్పుడు అదే పేజీలో భాష మార్చి ఇంగ్లీషు వ్యాసం కూడా తెరిచి పక్కపక్కన పెట్టుకోండి. ఇంగ్లీషు రాదని భయపడొద్దు, తెలుగులో ఒకసారి చదివి ఉంటారు కాబట్టి అంకెలు, పేర్లు పట్టుకుంటే సగం అర్థమైపోతుంది.

ఇప్పుడు అసలు పని. పేజీ చివర "మూలాలు" అని ఉంటుంది, పిల్లలెవరూ అక్కడిదాకా దిగరు, దయచేసి దిగండి. వాక్యం చివర చిన్న అంకె ఉంటే నొక్కండి, ఆ మాట ఏ పుస్తకంలోంచి, ఏ పేపర్‌లోంచి వచ్చిందో చూపిస్తుంది. అంకె లేని వాక్యాన్ని మీ నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాసుకోండి, ఇంకోచోట దొరికాకే పెన్నుతో దిద్దండి. ఇది మా లైబ్రరీలో రూలు, పిల్లలకు బాగా నచ్చింది కూడా.

పాత సమాచారంతో జాగ్రత్త. పోచంపల్లి నల్లగొండ జిల్లాలో ఉందని ఒకచోట, యాదాద్రి భువనగిరి జిల్లాలో అని ఇంకోచోట ఉంటుంది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి కాబట్టి, 1951లో వినోబా భావే భూదానం మొదలైనప్పటి పోచంపల్లి నల్లగొండ జిల్లాదే, ఇప్పుడు యాదాద్రిది. పాలమూరు పిల్లలకైతే ఇంకా ఎక్కువ పని, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల అప్పుడు విడిపోతే నారాయణపేట 2019లో విడిపోయింది. సాగర్ డ్యామ్ కూడా అంతే: 1955 అంటే నెహ్రూ శంకుస్థాపన చేసిన ఏడు, 1967 అంటే కాలువలకు నీళ్లు వదిలిన ఏడు. "1955లో కట్టారు" అని రాస్తే తప్పవుతుంది.

మీ ఊరి పేజీ ఉంటే తప్పకుండా తెరవండి. జనాభా, ఇళ్ల సంఖ్య చాలావరకు 2011 జనగణన నుంచి తీసుకున్నవి. "మా ఊరి జనాభా ఇంత" అని కాకుండా "2011 లెక్కల ప్రకారం ఇంత" అని రాయండి. మీ ఊరి చెరువు పేరు తప్పుగా కనిపిస్తే కోపంతో వెంటనే మార్చేయకండి. ఎవరైనా మార్చవచ్చు, నిజమే, కానీ ఆధారం చూపించాలి. పైన "చర్చ" అని ఒక పేజీ ఉంటుంది, అక్కడ రాయండి, టీచర్‌ను పక్కన కూర్చోబెట్టుకొని, మీ పూర్తి పేరు, ఫోన్ నంబర్ పెట్టకుండా.

రాసేటప్పుడు స్క్రీన్ ఆఫ్ చేయండి. ఇదొక్కటి పాటిస్తే కాపీ సమస్య దాదాపు పోతుంది. నోట్‌బుక్‌లో ఎడమవైపు విషయం, కుడివైపు ఎక్కడ దొరికింది, ఏ తేదీన చూశారు. తేదీ ఎందుకంటే ఆ పేజీ రేపు మారిపోవచ్చు. ఆ నోట్సు చూసి, మీ పక్కన కూర్చున్న వాళ్లకు చెప్తున్నట్టు మీ మాటల్లో రాయండి.

నెట్ రాని స్కూళ్లకు ఒక మాట. కివిక్స్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, నెట్ బాగున్న చోట తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒక ఫైలుగా దించుకొని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి లైబ్రరీ కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు, ఆ తర్వాత నెట్ అక్కర్లేదు. మా దగ్గర పనిచేసే కంప్యూటర్లు రెండే, ముగ్గురేసి కూర్చుంటారు: ఒకరు వెతుకుతారు, ఒకరు రాస్తారు, ఒకరు బీరువాలో అదే విషయం మీద పుస్తకం ఉందేమో చూస్తారు. పది నిమిషాలకోసారి మారతారు.

ఎంత వెతికినా దొరకనివి కొన్ని ఉంటాయి. "మా బోరు నీళ్లల్ల ఎంత ఉంది సార్?" అని ఆ మర్రిగూడ అమ్మాయి చివర్లో అడిగింది. ఏ విజ్ఞాన సర్వస్వంలోనూ ఉండదది. సైన్స్ మేడమ్ బాటిల్లో నీళ్లు పట్టించి పరీక్షకు పంపారు, వాళ్ల తాతను అడిగి ఏ బావి నీళ్లు ఎన్నేళ్లు తాగారో తను రాసుకొచ్చింది. ల్యాబ్ కాగితం, తాత చెప్పిన మాటలు, వికీపీడియా నోట్సు, మూడూ కలిపి కుట్టి ఒక ఫైలు చేశాం. ప్రాజెక్టుకు మార్కులు వేసేశాక అట్టపెట్టెలో పడేయకండి, పేరు రాసి బీరువాలో పెట్టండి. ఈ ఏడు ఎనిమిదో తరగతి పిల్లలు ఫ్లోరైడ్ మీద మొదలుపెట్టింది ఆ ఫైలుతోనే.