ఐడిల్‌లో (యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు) ఇంజిన్ ఆగిపోతోందా? కార్బురేటర్ విప్పే ముందు జాగ్రత్తలు

ముందు ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్ చూడండి, ఇన్‌టేక్ రబ్బరు పగిలిందేమో కూడా. వాటి తప్పుకి పాపం, పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బురేటర్ తిట్లు తింటుంది.

ఇంజిన్ చల్లారాకే, పెట్రోల్ ఆపి, గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా విప్పండి.

మిక్స్చర్ స్క్రూ (ఐడిల్‌లో పెట్రోల్, గాలి పాళ్లు సరిచేసేది) తీసేముందు లోపలికి ఎన్ని చుట్లు తిరిగి ఆనుతుందో లెక్కపెట్టి రాసుకోండి. అక్కడితో ఆగండి, ఇంకా బిగిస్తే సన్నటి మొన విరగొచ్చు, అది లోపలే ఇరుక్కుంటే కార్బురేటర్ బాడీయే మార్చాల్సి రావచ్చు.

పైలట్ జెట్‌ని (ఐడిల్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రమున్న ముక్క) తీగతో పొడవొద్దు. అది మెత్తటి ఇత్తడి, రంధ్రం కాస్త పెద్దదైనా పెట్రోల్ ఎక్కువ పోయి ఐడిల్ ఇంకా చెడుతుంది.

క్లీనర్ స్ప్రే కొట్టేముందు ఓ-రింగులు (రబ్బరు వలయాలు) తీసేయండి, రక్షణ కళ్ళజోడు తప్పనిసరి: ఒక రంధ్రంలో కొడితే ఇంకో దాంట్లోంచి సూటిగా కంట్లోకే చిమ్ముతుంది.

మూసిన గదిలో మాత్రం స్టార్ట్ చేయకండి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది.