జాక్ వొరాల్ కెరీర్‌ని పాత పేపర్లలోంచి పోగుచేసుకోవడం ఎలా

జాక్ వొరాల్ పేరు క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. 1885 నుంచి 1899 మధ్య ఆస్ట్రేలియా తరఫున 11 టెస్టులు ఆడాడు. 1896లో కార్ల్‌టన్ క్రికెట్ క్లబ్ తరఫున 417 నాటౌట్ కొట్టాడు. అదే మనిషి మెల్‌బోర్న్‌లోని ఫిట్జ్‌రాయ్ ఫుట్‌బాల్ జట్టుకి కెప్టెన్. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే సాకర్ కాదు, ఆస్ట్రేలియన్ రూల్స్ ఆట. తర్వాత కార్ల్‌టన్, ఎసెండన్ జట్లని నడిపించి 5 ప్రీమియర్‌షిప్పులు, అంటే లీగ్ టైటిళ్లు, గెలిపించాడు. వీఎఫ్‌ఎల్‌లో (విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్) మొదటి కోచ్‌గా ఇవాళ చెప్పుకునేది ఇతన్నే. మెల్‌బోర్న్‌లో ఉంటున్న మన పిల్లలు ఆస్‌కిక్ అనే పిల్లల ఫుట్‌బాల్ శిక్షణలో చేరి "ఈ ఆట ఎలా మొదలైంది" అని అడుగుతున్నారు. వాళ్లకి చెప్పడానికి ఇంతకంటే మంచి మనిషి నాకు కనబడలేదు. ఇతని కథ మీరే వెతికి రాసుకోవాలనుకుంటే నేను వెళ్లే దారి ఇది.

ముందుగా, ఫుట్‌బాల్ స్టాటిస్టిక్స్ సైట్లతో మొదలుపెట్టొద్దు. అక్కడ వొరాల్ కోచింగ్ రికార్డు ఉంటుంది కానీ ఆటగాడిగా ఒక్క మ్యాచ్ కూడా కనబడదు. కారణం చిన్నదే. అతను ఆడింది 1880లలో, 1890ల మొదట్లో, వీఎఫ్‌ఏ అనే పాత అసోసియేషన్‌లో. పెద్ద క్లబ్బులు దాంట్లోంచి విడిపోయి పెట్టుకున్న వీఎఫ్‌ఎల్ మొదటి సీజన్ 1897. ఆ లీగే ఇవాళ్టి ఏఎఫ్‌ఎల్, దాని లెక్కలు ఆ ఏడాది నుంచే. పట్టికలో పేరు లేదని ఆటగాడిగా అతన్ని కొట్టిపారేస్తే సగం జీవితం పోయినట్టే.

అసలు సరుకు ఉన్నది ట్రోవ్‌లో. ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ ఉచితంగా నడిపే సైట్ అది. 1954 దాకా వచ్చిన పాత పేపర్లు చాలావరకు అందులో చదవొచ్చు. 'వొరాల్' (Worrall) అని ఒక్కమాట కొడితే వేల ఫలితాలు వచ్చి మీద పడతాయి. పక్కన 'ఫిట్జ్‌రాయ్' చేర్చండి, రాష్ట్రం విక్టోరియా అని పెట్టండి, దశాబ్దం, ఏడాది, నెల వరుసగా తగ్గించుకుంటూ రండి. నెల చాలా ముఖ్యం. ఫుట్‌బాల్ చలికాలం ఆట కాబట్టి మే నుంచి సెప్టెంబరు దాకా చూస్తే చాలు, అతని క్రికెట్ వార్తలు వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి. స్కానింగ్‌లో అక్షరాలు చెడిపోయి ఉంటాయి, అందుకని పేరు చివర ఒక 'ఎల్' తీసేసి కూడా ఒకసారి వెతకండి. ది ఆస్ట్రలేషియన్ వారపత్రికలో 'మార్క్‌వెల్' అనే కలం పేరుతో వచ్చే ఫుట్‌బాల్ వ్యాసాలు తప్పకుండా చదవండి, ఆట కళ్లముందు కనిపిస్తుంది.

ఇక స్కోర్లు చదవడం. 1906 ఫైనల్ తీసుకోండి: కార్ల్‌టన్ 15.4 (94), ఫిట్జ్‌రాయ్ 6.9 (45). చుక్కకి ముందున్నవి గోల్స్, తర్వాతవి బిహైండ్లు, అంటే గోల్ కొద్దిలో తప్పి పక్క స్తంభాల మధ్యనుంచి పోయినవి. గోల్‌కి 6, బిహైండ్‌కి 1. పదిహేను ఆర్లు తొంభై, దానికి నాలుగు కలిపితే 94. ఈ లెక్క 1897 నుంచే. అంతకుముందు బిహైండ్లు రాసుకునేవాళ్లు గానీ గెలుపు తేల్చేది గోల్సే. అంటే ఒక జట్టు 3 గోల్స్ 2 బిహైండ్లు, ఇంకో జట్టు 2 గోల్స్ 15 బిహైండ్లు చేస్తే, ఇవాళ్టి లెక్కలో రెండో జట్టుది 27కి 20తో గెలుపు. వొరాల్ ఆడిన రోజుల్లో మాత్రం మొదటి జట్టుదే. పాత మ్యాచ్ ఫలితాన్ని పొరపాటున కూడా ఆరుతో గుణించొద్దు. అప్పట్లో జట్టుకి 20 మంది, 18కి తగ్గింది 1899లో.

1902కి వచ్చేసరికి ఇంకో చిక్కు. కార్ల్‌టన్ అతన్ని తీసుకున్నది సెక్రటరీగా. ఆటగాళ్లని తయారుచేసే పని అంతకుముందు కెప్టెన్ చూసుకునేవాడు. వొరాల్ దాన్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. కాబట్టి 'కోచ్' అని వెతికితే గుర్రబ్బండ్లు, రైలు పెట్టెలు, పడవ పందేల గురువులు వస్తారు. 'సెక్రటరీ' అని వెతకండి. ఎనిమిది జట్ల లీగ్‌లో కింది సగంలోనే కొట్టుకుంటున్న క్లబ్బుకి కొత్త ఆటగాళ్లని వెతికి తెచ్చాడు, ప్రాక్టీసులో క్రమశిక్షణ పెట్టాడు. 1906, 1907, 1908 వరుసగా మూడు ప్రీమియర్‌షిప్పులు. వీఎఫ్‌ఎల్‌లో అలా మూడు వరుసగా గెలిచిన మొదటి జట్టు అదే. అందులో మొదటిది తన పాత క్లబ్బు మీదే గెలిచాడని గమనించారా? ఆ ఫైనల్ రిపోర్టు నిదానంగా చదవండి.

1909 దగ్గర ఆగి, ఓపిగ్గా చదవాలి. అతని పద్ధతి మీద ఆటగాళ్లు తిరగబడ్డారు, సీజన్ మధ్యలో కోచ్ పని వదిలేశాడు. గొడవలో డబ్బు కూడా ఉంది. ఆటగాళ్లకి జీతాలివ్వడాన్ని లీగ్ అధికారికంగా ఒప్పుకున్నది 1911లో. అంతకుముందు వార్తల్లో ఆ మాట సూటిగా రాదు, క్లబ్ మీటింగుల రిపోర్టుల్లో లెక్కల మీద వాదనలుగా కనబడుతుంది. ఒక్క పేపర్‌ని నమ్ముకోకుండా ది ఆర్గస్, ది ఏజ్ అనే మెల్‌బోర్న్ పేపర్లు రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

1911, 1912 ఎసెండన్ గెలుపులు తేలిగ్గానే దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త: అప్పుడు ఎసెండన్ సొంత గ్రౌండ్ ఈస్ట్ మెల్‌బోర్న్‌లో ఉండేది, అది 1921తో మూతపడి రైల్వేలో కలిసిపోయింది. ఫిట్జ్‌రాయ్ ఆడిన బ్రన్స్‌విక్ స్ట్రీట్ ఓవల్ మాత్రం ఉంది. వొరాల్ ఆడే రోజుల్లో, 1888లో కట్టిన గ్రాండ్‌స్టాండ్ ఇంకా నిలబడే ఉంది. ట్రామెక్కి వెళ్లి చూడండి, మ్యాచ్ రిపోర్టులు ఆ తర్వాత వేరేగా అర్థమవుతాయి.

చివర్లో అతను పత్రికా రచయిత, ది ఆస్ట్రలేషియన్‌లోనే రాశాడు. క్రికెట్‌లో బ్యాటర్ ఒంటి మీదకి వేసే బౌలింగ్‌కి 'బాడీలైన్' అనే మాట పుట్టించింది ఇతనే అని కొందరు, హ్యూ బగ్గీ అనే విలేకరి అని కొందరు అంటారు. మీరు రాసేటప్పుడు రెండు పేర్లూ ఉంచండి. ప్రతి వాక్యం పక్కన పేపర్ పేరు, తేదీ, పేజీ రాసుకోండి. ట్రోవ్‌లో వార్త పక్కనున్న చెడిపోయిన అక్షరాలని అక్కడికక్కడే దిద్దే వీలుంది. మీరు చదివిన ప్రతి పేరాలో వొరాల్ పేరు దిద్ది సేవ్ చేయండి, తర్వాత వెతికేవాళ్లకి అది మొదటిసారే దొరుకుతుంది.