గల్లాపెట్టె పాఠాలు - 3: పచ్చ టిక్కు చూసి సరుకు ఇచ్చేయొద్దు

పోయినసారి చెప్పిన పని చేసినారా? అంగట్లో ఎన్ని క్యూఆర్ స్టిక్కర్లు ఉండాయో లెక్కేసి, ఒక్కోదానికి రూపాయి కొట్టి ఎవరి పేరు వస్తాదో చూడమన్నా కదా. మా దాంట్లో నాలుగు తేలినాయి, ఒకటి ఎప్పుడో వాడటం మానేసిన అకౌంటుది, చించి పారేసినా.

ఈరోజు సంగతి, కస్టమరు ఫోన్ తిప్పి "కొట్టేసినా అన్నా, చూడు" అంటాడే, అది. మాది గోవిందరాజస్వామి గుడి దగ్గర పూజసామాన్ల అంగడి, బ్రహ్మోత్సవాలప్పుడు గరుడసేవ నాడు జనం ఎట్లుంటారో తిరపతోళ్ళకి చెప్పాల్సిన పనిలేదు. ఆ రోజే ఒకాయన 1,850 రూపాయల ఇత్తడి దీపాలు తీసుకొని పచ్చ టిక్కు చూపించినాడు, అదే టైముకి సౌండ్ బాక్స్ కూడా మోగింది, నేను తలూపినా, ఆయన పోయినాడు. రాత్రి లెక్క చూసుకుంటే ఆ మోగింది పక్కనామె కుంకుమకి కొట్టిన 85 రూపాయలు!

అందుకే బాక్స్ మోగితే చాలదు, ఎంత అని చెప్పిందో వినాల. చెవిన పడకపోతే మీ ఫోన్లో యాప్ తెరిచి చూడండి, ఆయన ఫోన్లో కాదు. అచ్చం అసలుదాని మాదిరే ఉండే దొంగ యాప్‌లు ఉండాయి, పేరు, మొత్తం టైప్ చేస్తే టిక్కు, టైము, నంబరు అన్నీ వచ్చేస్తాయి. మెసేజీ వచ్చింది కదా అని కూడా నమ్మొద్దు, మామూలు పదంకెల నంబరు నుంచి "క్రెడిటెడ్" అని వస్తే అది బ్యాంకుది కాదు.

అట్లని అందరినీ దొంగల్లా చూడమని కాదు. నిజంగానే అవతల కట్ అయ్యి మనకి పడకుండా ఆగేవి ఉంటాయి, అవి మామూలుగా వాళ్ళకే వెనక్కి పోతాయి. "సామీ, ఇంకా పడలా, రెండు నిమిషాలు కూర్చోండి" అంటే సరిపోతాది, వాళ్ళ ఫోన్లో ఆ పేమెంటుకి కనపడే పన్నెండంకెల యూటీఆర్ నంబరు రాసిపెట్టుకోండి.

ఇంకోటి, "500 బదులు 5,000 కొట్టేసినా, మిగతాది ఈ నంబరుకి పంపు" అంటారు. ముందు పడిందో లేదో చూడండి. పడినా సరే వేరే నంబరుకి పంపొద్దు, బ్యాంకుకి చెప్పి వచ్చిన చోటికే పంపండి. అది ఎవరి దగ్గరో దొంగిలించిన సొమ్మయితే రేపు మీ అకౌంటే హోల్డ్‌లో పడతాది.

మీ అకౌంట్లోంచే డబ్బు పోతే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అవతల ఆపేదానికి అంత వీలు. నా దీపాలకి అది పనికిరాలా, పోయింది సరుకు కదా, డబ్బు కాదు.

ఈ వారం పని: మీరు టిఫినుకి పోయినప్పుడు కౌంటర్లో ఉండే పిల్లోడు పేమెంటు ఎక్కడ చూసుకుంటాడు? కొన్ని మర్చంట్ యాప్‌ల్లో పనోళ్ళ ఫోన్ కూడా కలపొచ్చు, బ్యాలెన్స్ కనపడకుండా పడినవి మాత్రం కనపడేట్లు ఉంటే కలపండి. ఆమీద తెలిసినోళ్ళని పాత స్క్రీన్‌షాట్ ఇచ్చి అంగడికి పంపండి, పిల్లోడు సరుకు ఇచ్చేసినాడో లేదో చూడండి. తిట్టొద్దు, మావోడు రెండుసార్లు ఇచ్చేసినాడు, మూడోసారి ఆపినాడు.

నాలుగో పాఠంలో, "మిలిటరీ క్యాంపు నుంచి మాట్లాడతా ఉండాం, వంద చెంబులు కావాల" అనే ఫోన్.