చిక్కుపడిన గజ్జల హెర్నియాకు రోగనిర్ధారణ కోడ్ ఎంపిక

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఆసుపత్రుల రికార్డులను కోడ్ చేసేవారు ఐసీడీ-10-సీఎంలో (అమెరికాలో వాడే రోగనిర్ధారణ కోడ్‌ల పట్టికలో) ముందుగా హెర్నియా రకాన్ని తేల్చుకోవాలి. ఇంగ్వైనల్ హెర్నియా (గజ్జలో వచ్చేది), అది డైరెక్ట్ అయినా ఇన్‌డైరెక్ట్ అయినా, కె40 కిందికి వస్తుంది. ఫీమోరల్ హెర్నియా (గజ్జకు కాస్త కింద, తొడ మొదట్లో వచ్చేది) కె41 కిందికి వస్తుంది.

తరువాత అది ఒక వైపా, రెండు వైపులా అన్నది చూడాలి. కుడి, ఎడమల తేడా ఈ కోడ్‌లలో లేదు కనుక దానికోసం వెతకనక్కరలేదు.

అసలు జాగ్రత్త అవసరమైనది చిక్కు విషయంలోనే. వైద్యుడు ఇన్‌కార్సరేటెడ్ (ఇరుక్కుపోయినది), ఇర్రెడ్యూసిబుల్ (లోపలికి తిరిగి నెట్టలేనిది), స్ట్రాంగ్యులేటెడ్ (రక్తప్రసరణ ఆగినది) అని వ్రాసినప్పుడు, గ్యాంగ్రీన్ (కణజాలం చచ్చి కుళ్ళడం) ప్రస్తావన లేకపోతే, ఆ మూడూ అడ్డంకి ఉన్న హెర్నియాలుగానే లెక్కకు వస్తాయి. ఒక వైపు ఇంగ్వైనల్ అయితే కోడ్ కె40.3తో మొదలవుతుంది. అడ్డంకి, గ్యాంగ్రీన్ రెండూ ఉంటే గ్యాంగ్రీన్‌కే ప్రాధాన్యం, అంటే కె40.4. పేగు అడ్డంకికి కె56 నుంచి మరో కోడ్ చేర్చకూడదు, ఎందుకంటే హెర్నియా కోడ్‌లోనే అది ఇమిడి ఉంది.

చివరి అంకె తిరగబెట్టడాన్ని తెలుపుతుంది: తిరగబెట్టినదని వ్రాసి ఉంటే 1, లేకుంటే 0. కాబట్టి కుడి వైపు తిరగబెట్టిన, గ్యాంగ్రీన్ లేని స్ట్రాంగ్యులేటెడ్ ఇంగ్వైనల్ హెర్నియాకు కె40.31 సరిపోతుంది.

శస్త్రచికిత్స నివేదికను పూర్తిగా చదవనిదే కోడ్ ఖరారు చేయకూడదు. పేగు ముక్కను తొలగించారన్న ఒక్క మాటను బట్టి గ్యాంగ్రీన్ ఉందని ఊహించడం, నా దృష్టిలో, అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు. అటువంటప్పుడు సర్జన్‌కు క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పంపి, లిఖితపూర్వక సమాధానం వచ్చాకే కోడ్ వేయాలి.