మస్కట్ రాజు ఖబూస్ గురించి ఊళ్లో గంటసేపు మాట్లాడాలంటే

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో మస్కట్ రాజధానిగా ఉన్న ఒమన్ దేశాన్ని 1970 నుంచి 2020 దాకా ఏలిన సుల్తాన్ ఖబూస్ గురించి మాట్లాడితే వినేవాళ్లలో మస్కట్‌లో పనిచేసి వచ్చినవాళ్లు తప్పకుండా ఉంటారు. "రాజు మంచోడు" అని వాళ్లు ఎప్పటినుంచో అంటున్నదే. మనం మళ్లీ అదే చెప్పి కూర్చుంటే లాభం లేదు. ఆయన దేశాన్ని ఎట్లా మార్చాడో, పగ్గాలు మాత్రం ఎవరికీ ఎందుకు ఇవ్వలేదో రెండూ చెప్పాలి.

ముందు కాలరేఖ గీయండి. 28 అంగుళాల చార్టు పేపర్లు రెండు తీసుకుని ఏడాదికి అర అంగుళం పెట్టండి. మొదటి దాని మీద 1940 నుంచి 1970 దాకా 15 అంగుళాలు, రెండో దాని మీద 1970 నుంచి 2020 దాకా 25 అంగుళాలు వస్తుంది. గీత పైన రాజ్యం సంగతులు, కింద బడి, రోడ్డు, డబ్బు లాంటివి రాయండి. 1970–75 దగ్గర చోటు చాలదు. తండ్రిని గద్దె దించిన కుట్ర, యుద్ధం, ఐక్యరాజ్యసమితి సభ్యత్వం అన్నీ రెండున్నర అంగుళాల్లో ఇరుక్కుంటాయి. ఆ ఐదేళ్లకు విడిగా ఒక కాగితం అతికించండి.

మొదటి చార్టు పది నిమిషాల్లో అయిపోవాలి. 1940 నవంబరు 18న ఒమన్ దక్షిణాన ఉన్న సలాలాలో పుట్టుక, 1960లో బ్రిటన్‌లోని శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాల, జర్మనీలో బ్రిటిష్ పటాలంలో కొంతకాలం, 1964లో తిరిగి రాక. ఆ తర్వాత తండ్రి సయీద్ బిన్ తైమూర్ ఆయన్ను సలాలాలో దాదాపు గృహనిర్బంధంలో ఉంచాడు. మన మాజీ రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ ఖబూస్‌కు గురువనీ, అందుకే విమానాశ్రయానికి తానే వెళ్లి కారు నడిపాడనీ వాట్సాప్‌లో తిరిగే కథను చార్టు ఎక్కించకండి. వినడానికి బాగుంటుంది గానీ, ఎవరైనా ఆధారం అడిగితే చూపించలేరు.

1970 దగ్గర మాత్రం నిదానించండి. అప్పటికి దేశం మొత్తంలో బడులు మూడు, తారురోడ్డు పది కిలోమీటర్లు. రాత్రి కాగానే మస్కట్ కోట తలుపులు మూసేవారు, ఆ తర్వాత బయట నడవాలంటే చేతిలో లాంతరు ఉండాలి. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, ఖబూస్ వచ్చాకే చమురు దొరికిందనడం. చమురు ఎగుమతి 1967లోనే, తండ్రి కాలంలోనే మొదలైంది. డబ్బు రావడం ఒకటి, దాన్ని బడికీ ఆసుపత్రికీ ఖర్చు పెట్టడం ఇంకొకటి. ఈ తేడా అర్థమైతే మీ ప్రసంగంలో సగం అర్థమైనట్టే.

డబ్బు సంగతి చెప్పేటప్పుడు ఎవరింట్లోనైనా మిగిలిన రియాల్ నోటు ఉంటే అడిగి తెచ్చి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి చూపించండి. ఖబూస్ బొమ్మ ఉన్నదైతే మంచిది. రియాల్‌కు వెయ్యి బైసాలు. అంతకుముందు అక్కడ చెల్లింది మన రిజర్వు బ్యాంకు 1959లో గల్ఫ్ కోసం విడిగా అచ్చువేసిన రూపాయి. దాని స్థానంలో సయీదీ రియాల్ 1970 మేలో, అంటే కుట్రకు ముందే వచ్చింది. కాబట్టి దాన్ని కొడుకు ఖాతాలో వేయకండి. ఒమనీ రియాల్ అనే పేరు 1973 నాటిది.

1970 జులై 23 గురించి "తండ్రి గద్దె అప్పగించాడు" అని రాయకండి. అది సలాలా కోటలో బ్రిటిష్ వాళ్ల అండతో జరిగిన కుట్ర. సయీద్‌కు తూటా గాయమైంది, లండన్‌కు పంపేశారు, 1972లో అక్కడే పోయాడు. ఆ వెంటనే ధోఫార్ యుద్ధం, అంటే ఒమన్ దక్షిణ ప్రాంతంలో రాజు మీద జరిగిన తిరుగుబాటు గురించి చెప్పండి. 1965లో మొదలైన ఆ తిరుగుబాటు 1975 చివరిదాకా నడిచింది. బ్రిటిష్, ఇరాన్, జోర్డాన్ బలగాలు ఖబూస్‌కు సాయంగా వచ్చాయి. లొంగిపోయినవాళ్లకు క్షమాభిక్ష పెట్టారు, కొండల్లో బావులు తవ్వించారు. ఈ భాగం వదిలేస్తే రోడ్లూ బడులూ గాలిలోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది.

కట్టినవీ సాధించినవీ కలిపి నాలుగు చాలు: 1986లో సుల్తాన్ ఖబూస్ విశ్వవిద్యాలయం, 2001లో పెద్ద మసీదు, 2011లో ఒపెరా హౌస్, నలభై ఏళ్లలో అన్నిటికంటే ఎక్కువ మెరుగుపడ్డ దేశం ఒమనేనన్న 2010 ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదిక. పక్కనే రెండోవైపు కూడా రాయండి. ప్రధాని, రక్షణ, ఆర్థిక, విదేశాంగ పదవులు రాజు చేతిలోనే ఉండేవి. రాజకీయ పార్టీలకు అనుమతి లేదు. షూరా మండలి (సలహా సభ) 1991లో వచ్చినా, 21 ఏళ్లు నిండిన అందరికీ ఓటు 2003లో గానీ రాలేదు. 2011లో సోహార్‌లో జనం పని కోసం రోడ్డెక్కారు, ప్రాణనష్టం జరిగింది. రాజు మంత్రులను మార్చి, 50 వేల ఉద్యోగాలు ప్రకటించాడు.

మస్కట్ నుంచి వచ్చినవాళ్ల మాటలు కూడా సేకరించండి, కానీ "ఏ సంవత్సరం పోయినవ్?" అని మొదలుపెట్టకండి. ఏళ్లు తారుమారవుతాయి. "కాకా, గోను తుఫాను అప్పుడు మీరు ఆడనే ఉన్నరా?" అని అడిగితే అది 2007 జూన్. "రాజు చచ్చిపోయినప్పుడు?" అంటే 2020 జనవరి 10. పాత పాస్‌పోర్టులో ముద్ర ఉంటే దానితో సరిచూడండి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటగానే రాయండి. క్యాంపు గదీ, ఆగిన జీతం ముచ్చట్లు వస్తే కత్తిరించకండి, అవీ ఆ పాలనలోవే.

చివర్లో నిజాంతో పోల్చమంటారు. వరంగల్ ఆజంజాహీ మిల్లు, ఉస్మానియా గుర్తొస్తాయి మరి. నిజాం మీద బ్రిటిష్ ఆధిపత్యం ఉండేది, ఖబూస్ 1971 నుంచి ఐక్యరాజ్యసమితిలో సభ్య దేశానికి అధినేత. ఈ తేడా చెప్పాకే పోల్చండి. కంపెనీ మారడానికి ఎన్‌ఓసీ (పాత యజమాని ఇచ్చే అనుమతి పత్రం) అక్కర్లేకుండా చేసింది ఖబూసేనా అని కూడా ఎవరో ఒకరు అడుగుతారు. కాదు. అది 2021 జనవరి నుంచి అమలైంది, అప్పటికి గద్దె మీద ఉన్నది హైతమ్ బిన్ తారిక్. పిల్లల్లేని ఖబూస్ ముద్ర వేసి ఉంచిన ఉత్తరంలో రాసిన పేరు ఆయనదే.