నదిలో పోటీ గాలం వేట – ఆరో పాఠం: బోణీ కాని రోజు

పోయిన పాఠంలో మేత సంగతి చెప్పుకున్నాం: ఎంత వేయాలి, ఎంతసేపటికోసారి వేయాలి, ప్రవాహం వేగాన్ని బట్టి ఎగువన ఎక్కడ వేస్తే మన గాలం దగ్గరికి వచ్చి దిగుతుంది అని. అవన్నీ తు.చ. తప్పకుండా పాటించినా చేప ముట్టని రోజు ఒకటి వస్తుంది. ఇంగ్లండ్‌లోని ట్రెంట్ లాంటి నదిలో తరచుగానే వస్తుంది. ఆ రోజును ఒడ్డున ఎలా నడపాలి, ఇంటికొచ్చాక ఎలా చదువుకోవాలి అన్నది ఈ పాఠం. ఓదార్పు కోసం తెరిచినవాళ్లకి ముందే చెబుతున్నా, ఇందులో ఓదార్పు తక్కువ, లెక్కలు ఎక్కువ.

కొత్తగా ఇక్కడి నుంచి అందుకున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లో నది మ్యాచ్ అంటే మామూలుగా ఐదు గంటలు. పొద్దున్నే డ్రా తీస్తారు. చేతికి ఏ నంబరు వస్తే ఆ పెగ్ (ఒడ్డున నంబరు వేసిన చోటు) దగ్గరే కూర్చోవాలి, అటూ ఇటూ జరగడానికి లేదు. పట్టిన చేపల్ని కీప్‌నెట్‌లో, అంటే నీళ్లలో ఉంచే పొడవాటి వల సంచిలో, ప్రాణంతో ఉంచి, తూకం అయ్యాక మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారు. మార్చి 15 నుంచి జూన్ 15 వరకు నదుల్లో ఈ వేట బంద్.

ఈ వదిలేయడం అన్నది మనవాళ్లకి ఓ పట్టాన ఎక్కదు. ఊరి నుంచి నాన్నో మావయ్యో ఫోన్ చేసి "ఎన్ని పడ్డాయిరా, పులుసా వేపుడా?" అని అడుగుతారు. గెలిచినవాడు కూడా వట్టి చేతులతోనే ఇంటికొస్తాడని చెబితే, "మరి అంత తెల్లారగట్ల లేచి వెళ్లడం దేనికి?" అంటారు. గెలిచిన రోజు ఆ ప్రశ్నకి నవ్వొస్తుంది. ఓడిన రోజు జవాబు వెతుక్కోవాల్సొస్తుంది.

ముందు చేతుల్ని చూసుకోండి

గంట గడిచింది. బెండు కదల్లేదు. పక్క పెగ్‌లో ఆయన మూడో రోచ్ చేపని కీప్‌నెట్‌లో వేసుకున్నాడు. ఇప్పుడు మీ మనసు ఎలా ఉందో నేనడగను, మీ చేతులేం చేస్తున్నాయో చూడండి. క్యాటపల్ట్‌తో (ఉండేలు) ఒక్కో విడతకి పది మ్యాగట్లు (ఈగ పురుగులు) కొడుతున్నవాళ్లు ఇరవైకి వచ్చేసి ఉంటారు. గ్రౌండ్‌బైట్ (తడిపిన పొడి మేత) ఉండ నిమ్మకాయంత ఉండేది బత్తాయంత అయ్యుంటుంది. ఎవరూ తలచుకుని చేసే పని కాదిది. నిరాశ ముందుగా బయటపడేది మేత వేసే చేతిలోనే.

చిక్కేమిటంటే, ఆ రోజు మీరు చేసే పనులన్నిట్లో వెనక్కి తీసుకోలేనిది అదొక్కటే. లోతు మార్చి చూసి నచ్చకపోతే మళ్లీ పాత లోతుకి రావచ్చు. సన్న కొక్కెం తీసేసి పెద్దది కట్టుకోవచ్చు. నీళ్లలో పడ్డ ఉండని మాత్రం ఎవరూ పైకి తీయలేరు. చలికాలం, తేటనీళ్లలో అడుగున నాలుగు చేపలే తిరుగుతున్నప్పుడు నలభై చేపల మేత వేశారంటే అవి మీ ఎర వైపు వచ్చే అవకాశాన్ని మీరే చంపుకున్నట్టు.

అందుకని చేప ముట్టనప్పుడు మార్పులకి ఒక వరస పెట్టుకోండి. తిరిగి సరిచేసుకోగలిగేవి ముందు, సరిచేసుకోలేనివి ఆఖరున. మొదట లోతు: ఎర అడుగుకి తగిలీ తగలనట్టు పోతుంటే, బెండును అంగుళం అంగుళం పైకి జరుపుతూ ఎర ఆరంగుళాల మేర నేలమీద ఈడ్చేదాకా చూడండి. తర్వాత వేగం: ప్రవాహంతో పాటు బెండుని వదిలేయకుండా కాస్త పట్టి ఆపుతూ నెమ్మదిగా నడపండి. చల్లటి నీళ్లలో చాలాసార్లు ఇదొక్కటే సరిపోతుంది. అప్పటికీ లేకపోతే కొక్కెం, ఎర: 18 నంబరు నుంచి 20కో 22కో దిగి (నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నది) ఒక్క మ్యాగట్. ఆ తర్వాత చోటు మార్చడం. అన్నిటికన్నా ఆఖరున మేత. ఒక్కో మార్పుకి పది నిమిషాలివ్వండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే చేప పడినా దేనికి పడిందో తెలియదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. నది పెరుగుతూ నీళ్లు మట్టిరంగు తిరిగాయంటే వరస తిప్పేసి ముందు చోటు మార్చండి. నడి ప్రవాహపు తాకిడి తప్పించుకోవడానికి చేపలు ఒడ్డు పక్కకి వచ్చేస్తాయి. పదమూడు మీటర్ల పోల్ (రీలు లేని పొడవాటి గాలం కర్ర) పట్టుకుని అవతల వెతకడం, కాళ్ల దగ్గర చేపల్ని వదిలేయడం, ఈ రెండూ ఒకే మనిషి చేస్తుండగా ఏ మ్యాచ్‌లోనైనా చూడొచ్చు.

గెలుపు పోయాక ఇంకా మిగిలేది

రెండున్నర గంటలయ్యేసరికి మ్యాచ్ గెలవడం కుదరదని తేలిపోయిందనుకుందాం. చాలామంది ఇక్కడే మానసికంగా సామాను సర్దేస్తారు. ఒళ్లు పెగ్ మీదే ఉంటుంది, చూపు కారు మీద ఉంటుంది. పాయింట్ల లెక్క తెలిసినవాడు అలా చేయడు.

జట్ల పోటీల్లో నదిని సెక్షన్లుగా విడదీస్తారు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో జట్టుకి ఐదుగురు, సెక్షన్‌కి ఒకరు. సెక్షన్‌లో మొదటి స్థానానికి 1 పాయింటు, రెండో స్థానానికి 2, అలా. ఎవరికి తక్కువ పాయింట్లుంటే వాళ్లది గెలుపు. (ఇక్కడి కొన్ని లీగుల్లో ఇది తిరగేసి ఉంటుంది, డ్రా దగ్గర అడిగి తెలుసుకోండి.) అసలు చేపే పట్టనివాళ్లకి మిగిలిన స్థానాల సగటు ఇస్తారు. ఒక సెక్షన్‌లో 24 మంది ఉన్నారు, 12 మందికి చేప పడింది, మీతో కలిపి 12 మందికి బోణీ కాలేదు. మీ అందరికీ 13 నుంచి 24 వరకు సగటు, అంటే తలా 18.5. ఇప్పుడు ఆఖరి పది నిమిషాల్లో మీకు వేలెడంత గజన్ ఒకటి పడిందనుకోండి. మీది పదమూడో స్థానం, 13 పాయింట్లు. ఇరవై గ్రాములు తూగని చేప మీ జట్టుకి ఐదున్నర పాయింట్లు మిగిల్చింది. అదే సెక్షన్‌లో ఐదో స్థానంలో ఉన్నాయన ఐదు పౌన్లు ఎక్కువ పట్టినా అంత లాభం ఉండదు, ఆయన ముందున్నది నలుగురే.

వ్యక్తిగత టైటిల్‌కి కూడా లెక్క ఇదే, రెండు రోజుల స్థానాలు కలిపి చూస్తారు. ఒక రోజు సెక్షన్ గెలిచి రెండో రోజు పద్దెనిమిదో స్థానంలోకి జారినవాడు పోటీలో లేనట్టే. అలన్ స్కాట్‌హార్న్ 1996, 97, 98లలో వరసగా, తర్వాత 2003, 2007లలో మళ్లీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఈ పద్ధతిలో ఐదుసార్లు గెలవాలంటే మంచి రోజున విజృంభించడం ఒక్కటే చాలదు. చెడ్డ పెగ్ వచ్చిన రోజు కూడా ఎక్కువ కింద పడకుండా చూసుకోవాలి.

కాబట్టి సగం మ్యాచ్ దాటాక ప్రశ్న మార్చండి. "ఎలా గెలవాలి?" పక్కన పెట్టి, "ఈ పెగ్‌లో ఏ చేప అయితే తప్పకుండా పడుతుంది?" అని అడగండి. ఒడ్డుకి రెండు మూడు మీటర్ల దూరంలో, అడుగున ఎర్ర ముక్కకి చిన్న పెర్చ్‌లు. గులక అడుగైతే గజన్లు. వేసవిలో నీటి పైపొరలో బ్లీక్‌లు. పరువు తక్కువ చేపలని కొందరు మొహం తిప్పుకుంటారు. త్రాసుకి ఆ పట్టింపు లేదు.

తూకం దగ్గర

ఆఖరి విజిల్ పడ్డాక త్రాసు వచ్చేదాకా అరగంటో గంటో పడుతుంది. ఈలోపు చిన్న తూకం ఉన్నవాళ్లు కొందరు ఎవరూ చూడకుండా కీప్‌నెట్ బోర్లించేసి, "తూచక్కర్లేదు" అంటారు. బోర్డు మీద వాళ్ల పేరు పక్కన 'డీఎన్‌డబ్ల్యూ' అని పడుతుంది, తూకం వేయలేదని. నా మాట వింటే ఎప్పుడూ ఆ పని చేయకండి. మూడు గజన్లని తూకం సంచిలో వేస్తే గడియారం త్రాసు ముల్లు కాస్త వణికి ఊరుకుంటుంది, బోర్డు పట్టుకున్నాయన వంగి దగ్గరగా చూసి "రెండు ఔన్సులు" అంటాడు, ఎవరో నవ్వుతారు. నవ్వనీండి. ఆ రెండు ఔన్సులు మీ పేరు పక్కన లేకపోతే రేపు పోల్చుకోవడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

తూకం బృందంతో పాటు నడవండి, పనికొచ్చేది అక్కడే దొరుకుతుంది. మీకు ఎగువన ఇద్దరు, దిగువన ఇద్దరు, వాళ్ల తూకాలు, ఏ చేపలు, ఏ ఎర, ఒడ్డు నుంచి ఎంత దూరం. ఫలితాలు చదివే చోట అందరూ మ్యాచ్ గెలిచినాయన చుట్టూ మూగుతారు. మీరు మీ సెక్షన్ గెలిచినాయన దగ్గరికి వెళ్లండి. మొదటాయనకి చివరి పెగ్ పడి, అక్కడ బ్రీమ్ మంద నిలిచి ఉండొచ్చు. చివరి పెగ్‌లో ఒక పక్క వేటగాళ్లే ఉండరు కాబట్టి మిగతా చోట్ల అలజడికి తొలగిన చేపలు అటు చేరతాయి. ఆయన చెప్పేది నిజమే అయినా మీకు పనికిరాదు. మీ సెక్షనాయన కూర్చున్నది మీలాంటి నీళ్ల మీదే.

అక్కడే ఇంకో పాట కూడా వినబడుతుంది: నది చచ్చిపోయింది, నీటికాకులు తినేశాయి, ఒకప్పుడు విద్యుత్ కేంద్రాలు గోరువెచ్చటి నీళ్లు వదిలినప్పుడు ట్రెంట్‌లో చేపే చేప. పెద్దవాళ్లు చెప్పేదాంట్లో నిజముంది. ట్రెంట్ లోయలో ఆఖరి బొగ్గు కేంద్రం ర్యాట్‌క్లిఫ్ 2024 సెప్టెంబరు 30న మూతపడింది, బ్రిటన్ మొత్తానికీ అదే ఆఖరిది. వినండి, టీ తాగండి. అయితే నీటికాకులు మీ పెగ్‌కీ పక్క పెగ్‌కీ సమానమే. ఇద్దరికీ సమానమైన కారణం మీ ఇద్దరి మధ్య తేడాని చెప్పదు.

కారు తీయకముందే రాయండి

ఇంటికెళ్లి రాద్దామంటే దారిలోనే కథ మారిపోతుంది. కారులో కూర్చుని, తాళం తిప్పకముందే రాయండి. నమూనా పేజీ ఒకటి ఇస్తున్నాను.

"నీళ్లు పెరుగుతున్నాయి, మసక. 10–11: పోల్, 11 మీటర్లు, రెండు గజన్లు. 11:20: పెద్ద ఉండ వేశా. ఎందుకు? పక్కాయన వేశాడని. 12:10: ఇంకో ఉండ. ఎందుకు? తెలీదు. 1:30: ఒడ్డు పక్కన ఎర్ర ముక్క, వరసగా పెర్చ్‌లు. తూకం 11 ఔన్సులు. ఎగువ పెగ్ 1 పౌను 2 ఔన్సులు, దిగువ పెగ్ 9 ఔన్సులు. మ్యాచ్ గెలిచింది 31 పౌన్లు, బ్రీమ్, చివరి పెగ్."

ఈ పేజీని చదవడం నేర్చుకోవాలి. ఇంటికెళ్లే దారంతా మనసుని తొలిచేది 31 పౌన్లు. అది మీ చేతిలో లేదు, పొద్దున డ్రాలోనే తేలిపోయింది. మీ చుట్టుపక్కల నీళ్లిచ్చింది మహా అయితే సుమారు ఒక పౌను. పౌనుకి 16 ఔన్సులు కాబట్టి ఎగువాయనది 18 ఔన్సులు, మీది 11. మీరు నిజంగా పోగొట్టుకున్నది ఏడు ఔన్సులు, రెండు వందల గ్రాములు. అదెక్కడ పోయిందో కూడా పేజీలోనే ఉంది: నీళ్లు పెరుగుతున్నాయని పొద్దున్నే తెలిసి కూడా, ఒడ్డు పక్కకి రావడానికి ఒంటిగంటన్నర దాకా ఆగారు, మధ్యలో రెండు ఉండలు ఊరికే పోశారు. బాధపడాలనుకుంటే ఆ ఏడు ఔన్సుల కోసం పడండి, దాన్ని వచ్చే వారం సరిచేసుకోవచ్చు.

పక్కవాళ్లిద్దరూ కొత్తవాళ్లయితే ఈ కొలత తప్పుతుంది. అందుకే నలుగురి తూకాలు తీసుకోమన్నది. నలుగురి కన్నా మీదే ఎక్కువైతే, సెక్షన్‌లో ఎనిమిదో స్థానం వచ్చినా సరే, మీరు బాగా ఆడినట్టే లెక్క. నలుగురికీ మీకు మూడింతలు పడితే పెగ్ మీద నెపం వేయకండి.

ఆ రాత్రి ఇంకో గండం ఉంది. ఓడిన రోజు రాత్రి పదింటికి ఫోన్‌లో కొత్త పోల్, కొత్త బెండ్లు, "ఈ పొడి వేస్తే చేప ఆగదు" అనే గ్రౌండ్‌బైట్ సంచులు, అన్నీ అత్యవసరంగా కనిపిస్తాయి. మూడు రోజుల దాకా ఏమీ కొనకూడదని నియమం పెట్టుకోండి. నాలుగో రోజు పేజీ తీసి చూడండి. కావాల్సింది ఖరీదైన కొత్త వస్తువో, ఒక ఎర్రల డబ్బాయో అందులోనే తెలుస్తుంది. ఇంట్లో కూడా కాస్త శాంతి.

ఈ వారం పని

వచ్చే మ్యాచ్‌కి ముందు రోజు సాయంత్రం, మ్యాచ్ రోజు పొద్దున, మీ పెగ్గులకి దగ్గర్లోని గేజ్ (నది నీటిమట్టం కొలిచే చోటు) మట్టం రాసుకోండి. నాటింగ్‌హామ్ వైపువాళ్లకి కోల్విక్, న్యూఆర్క్ దిగువన నార్త్ మస్కమ్. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ పెట్టే ఈ అంకెలకి డబ్బు కట్టక్కర్లేదు. మ్యాచ్‌లో గ్రౌండ్‌బైట్ ఉండ వేసిన ప్రతిసారీ టైము, పక్కనే 'ఎందుకు' అన్న ఒక్క మాట రాయండి. చేతులకి బురద ఉంటుంది కాబట్టి పెన్సిల్ తీసుకెళ్లండి, పెన్ను జారిపోతుంది. తూకంలో నలుగురు పక్కవాళ్ల అంకెలు తప్పనిసరి.

ఏడో పాఠం వరద తీస్తున్న నీళ్ల మీద: మట్టం దిగుతూ రంగు విరిగే సమయంలో చేపలు ఒడ్డు పక్క నుంచి ఎటు కదులుతాయి, బెండు వదిలేసి ఫీడర్ (మేత నింపి అడుగుకి దింపే బరువు) ఎప్పుడు పట్టుకోవాలి అన్నది చూద్దాం. ఈ వారం గేజ్ అంకెలు దగ్గరుంచుకోండి, వాటితోనే మొదలుపెడతాం.